తీగ లేని ఆకాశం

మన పత్రికల్లో ఛాయాచిత్రం మీద విమర్శ దాదాపు లేదు. కవిత అచ్చయ్యాక పేజీ అడుగున జాగా మిగిలితే దాన్ని నింపడానికి ఫోటో వేసుకున్నాం గాని, ఆ ఫోటో ఏం చెబుతోందని అడగలేదు. కథలో వస్తువెంత, శిల్పమెంత అని దశాబ్దాల తరబడి తర్కించుకున్న మనం, ప్రతి చేతిలోనూ కెమెరా ఉన్న ఈ కాలంలో బొమ్మ ముందు నోరు మెదపకుండా నిలబడడం బాగా లేదు. ఆ లోటు నేను తీరుస్తానని కాదు. ఈమధ్య నన్ను బాగా ఇబ్బంది పెట్టిన కొన్ని చిత్రాల గురించి నలుగురితో చెప్పుకోవాలనిపించింది.

పోయిన శీతాకాలం నరసరావుపేటలో ఒక చిన్న ప్రదర్శన జరిగింది. చిత్రాలు తీసినవాడు నా దగ్గర పదో తరగతి చదువుకున్న కుర్రవాడు. ఆదివారం వస్తే మోటారు సైకిలేసుకుని మాచర్ల, దుర్గి, వెల్దుర్తి వైపు పోయి కొండల అంచున కాపు కాస్తాడు. గోడల మీద ఇరవైనాలుగు చిత్రాలు. అన్నీ జంతువులవీ పక్షులవీ. అయితే ఏ చిత్రంలోనూ జంతువు బొటనవేలికన్నా పెద్దది కాదు. మిగిలినదంతా నేల, లేదంటే ఆకాశం, లేదంటే నీళ్లు. చూడవచ్చిన ఒక పెద్దమనిషి, “ఇంత దూరం నుంచి తీశాడేం, మంచి లెన్సు లేదా పాపం?” అని నాతోనే అన్నాడు. లెన్సు లేక కాదు, కావాలనే అలా తీశాడు. దీన్ని మినిమలిజం అంటారట. అవసరం లేనిదాన్నల్లా ఫ్రేములోంచి తప్పించి, ఒక ప్రాణినీ అది నిలబడ్డ చోటునీ మాత్రం మిగల్చడం. మన భాషలో మితచిత్రణ అనుకుందాం.

మొదట నన్ను ఆపిన చిత్రం నక్కది. ఎండిన చెరువు నేల ఫ్రేమంతా పరుచుకుని ఉంది. నక్క కుడివైపు అడుగు మూలన, ఫ్రేములోంచి బయటికి నడిచి పోతోంది. జంతువు చూపు సాగే వైపు జాగా వదలాలని ఫోటో పాఠాలు చెబుతాయి. ఇక్కడ జాగా అంతా దాని వెనకే ఉంది. అది నడిచి వచ్చిన దూరమే ఈ బొమ్మకి వస్తువు. ఆ పగుళ్ల మీదుగా అడుగులు వెనక్కి లెక్కపెట్టుకుంటూ పోతే నీళ్ల జాడ లేని నేల ఎంతుందో కంటికి తెలుస్తుంది. ఎండాకాలం గురించి పది పేరాలు రాసినా ఇది చెప్పలేం.

ఇలాంటి బొమ్మ ఊరికే రాదని అతన్ని అడిగితే తెలిసింది. అంత చిన్నగా కనబడే జంతువుని దాని ఆకారమే పట్టివ్వాలి. నాలుగు కాళ్లూ విడివిడిగా, మూతీ తోకా పక్కనుంచి తెగి కనబడే క్షణంలో నొక్కాలి. రెండు కాళ్లు ఒకదాని వెనక ఒకటి పడితే నక్క కాస్తా రాయి అయిపోతుంది. తెల్లటి మట్టి మీద కెమెరా తనంతట తాను లెక్క కట్టుకుంటే బొమ్మని నల్లబరుస్తుంది కనుక, ఎక్స్‌పోజరు కాస్త పెంచుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, మనిషి ఎక్కడ నిలబడ్డాడన్నది. అతను చెరువు కట్ట మీద నిలబడ్డాడు. అందువల్ల ఆకాశం తప్పుకుంది, నేల మొత్తం దొరికింది. అదే నేల మీద బోర్లా పడుకుని తీసి ఉంటే చెరువు ఒక గీతగా కుంచించుకుపోయి, బొమ్మంతా ఆకాశమే అయ్యేది. ఎక్కడ నిలబడితే ఏది విశాలమవుతుంది, ఏది మాయమవుతుంది? దృక్పథం అన్న మాటని మనం వాడి వాడి అరగదీశాం గాని, దాని అసలు అర్థం ఇంత స్థూలమైనది.

ఇది అలవాటైన అడవి ఫోటో కాదు. అలవాటైనది మనందరికీ తెలుసు: కేలండరు పులి. ఫ్రేము నిండా ముఖం, కళ్లలో మెరుపు, మీసాల్లో ఒక్కొక్క వెంట్రుకా లెక్కపెట్టవచ్చు. అది ఏ అడవిలోదో, ఏం తిని బతుకుతోందో మాత్రం తెలియదు. దాని వంశవృక్షం వెతికితే గోడకి కొట్టిన వేట తలకాయ దగ్గర తేలుతుంది. మన ప్రబంధ కవి వేట వర్ణన మొదలుపెడితే పద్యం నిండా పందులూ లేళ్లూ పులులూ తొక్కిసలాడతాయి. మనుచరిత్రలో స్వరోచి వేటే ఉంది. జంతువు అక్కడ చావడానికే వస్తుంది. హిమాలయాల దిగువ అడవుల్లో అటవీ అధికారిగా పనిచేసిన ఛాంపియన్ అనే ఇంగ్లీషాయన 1927లో పులుల ఫోటోల పుస్తకం అచ్చువేశాడు. తుపాకి పక్కన పెట్టి కెమెరా పట్టిన తొలివాళ్లలో ఆయనొకడు. గౌరవించవలసిన మనిషే. కాని తుపాకి పోయినా వేటగాడి చూపు అంత సులువుగా పోలేదు. జంతువుకి ఎంత దగ్గరికి పోతే అంత మగతనమన్న లెక్క, పెద్ద లెన్సుల బజారులో ఇప్పటికీ నడుస్తోంది.

మితచిత్రణ ఈ లెక్కని తలకిందులు చేస్తుంది. దూరాన్ని ఒప్పుకుంటుంది. జంతువుని కదిలించదు, బెదిరించదు. జపాను నుంచి వచ్చి 1978 మొదలు అలాస్కాలో స్థిరపడ్డ మిచియో హోషినో అనే ఛాయాచిత్రకారుడు, 1996లో కమ్చట్కాలో ఎలుగుబంటి దాడిలో చనిపోయేదాకా ఈ పని చేశాడు. అంతులేని మైదానం మీద చీమల బారులా సాగిపోయే కారిబూ జింకల బొమ్మలు ఆయనవి. వాటిని చూస్తే జింకకి ఎంత నేల కావాలో అర్థమవుతుంది. పులి ముఖం చూస్తే ఆ సంగతి అర్థం కాదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఇది పరాయి పద్ధతి అనేవాళ్లు మా పల్నాటి గొర్రెల కాపరిని అడగండి. మెట్ట మీద కర్ర ఆనించుకుని నిలబడి అతను చూసే చూపు ఇదే. రాత్రి మంచె మీద కూచుని పందుల కోసం కనిపెట్టుకున్న రైతు చూపూ ఇదే. వాళ్లకి జంతువు ఎప్పుడూ దూరంలోనే, చిన్నగానే, నేల మధ్యలోనే కనబడుతుంది. దాన్ని నడకని బట్టి పోలుస్తారు. టీవీ వచ్చాకే మనకి పులి ముఖం ఇంత దగ్గరైంది.

ఇంతవరకూ అంతా మెచ్చుకోలే. ప్రదర్శనలో నాతో ఉన్న సంఘ మిత్రుడు ఒకాయన మాత్రం మొహం మాడ్చుకున్నాడు. “మనిషి లేడు, సమస్య లేదు. ఇదంతా ఏకాంతం, ప్రశాంతత. కూలి గిట్టక వలసపోతున్న చోట ఈ ఖాళీలెందుకు మాస్టారూ?” అన్నాడు. ఈ మాట నాకు కొత్త కాదు. 1970ల చివర మినీ కవిత వచ్చినప్పుడూ, ఆ తర్వాత హైకూ వచ్చినప్పుడూ మనం ఇదే అన్నాం. ఇస్మాయిల్ గారు కవిత్వంలో నిశ్శబ్దం గురించి మాట్లాడితే మనలో చాలామందికి అది పోరాటం నుంచి తప్పుకునే మాటలా వినబడింది. ఆ తగవులో కొంత న్యాయం ఉంది. అయితే తక్కువ చెప్పిన ప్రతివాడూ తప్పించుకున్నవాడు కాడు. నాలుగు పంక్తుల కవితలో వదిలేసినదాన్ని పాఠకుడు తన బతుకులోంచి తెచ్చి పూరించగలిగితే అది సంక్షిప్తత. పూరించడానికి ఆధారం కూడా మిగల్చకుండా తుడిచేస్తే అది దాపరికం. మితచిత్రణకీ ఇదే గీటురాయి. కనుక నా మిత్రుడి ప్రశ్నని కొద్దిగా మార్చుకోవాలి. ఖాళీ ఎందుకని కాదు, ఈ ఖాళీ ముందునుంచీ ఉన్నదా, ఎవరైనా చేసినదా అని.

ఆ ప్రశ్నతో రెండో చిత్రం దగ్గరికి వస్తాను. ప్రదర్శనలో అందరూ ఎక్కువసేపు నిలబడింది దాని ముందే. దుర్గి దాటాక ఒక గట్టు. తెల్లవారుజాము పొగమంచు. గట్టు మీద ఒంటరి మనుబోతు, దాని మీద మూడు వంతులు బూడిదరంగు ఆకాశం. మెడ వంపు, చిన్న కొమ్ములు ఆకాశం మీద గీసినట్టున్నాయి. అందం అంటే అందమే. కాని ఆ గట్టు నాకు తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ దారిన మూడేళ్లు సైకిలు తొక్కాను. గట్టు మీదుగా టవర్ల లైను పోతుంది. ఆ కోణం నుంచి చూస్తే తీగలు ఆకాశానికి అడ్డంగా ఉండి తీరాలి.

“తీగలేవిరా?” అన్నాను.

కుర్రవాడు తడబడలేదు. “తీసేశాను మాస్టారూ. కంప్యూటర్లో రెండు నిమిషాల పని. బొమ్మకి అడ్డం కదా.”

అబద్ధం చెప్పనందుకు సంతోషించాను. కాని ఆ రెండు నిమిషాల పని నన్ను వారం రోజులు వెంటాడింది. ఎందుకంటే తీగ ఎప్పుడూ బొమ్మకే అడ్డం కాదు. బట్టమేక పిట్ట సంగతి చూడండి. పదిహేను కిలోల దాకా తూగే పక్షి. కళ్లు తలకి రెండు పక్కలా ఉండడం వల్ల ఎగిరేటప్పుడు ఎదురుగా ఉన్నది సరిగా కనబడదు; కనబడినా అంత బరువుతో చటుక్కున పక్కకి తిరగలేదు. రాజస్థాన్, గుజరాత్ మైదానాల్లో తీగలకి తగిలి చస్తోంది. దేశంలో మిగిలినవి రెండు వందలకి లోపే. 2021 ఏప్రిల్ 19న సుప్రీంకోర్టు ఆ ప్రాంతాల్లో తీగల్ని భూమిలో వేయమంది. సౌర విద్యుత్తు అవసరాల వాదన వచ్చి 2024 మార్చిలో ఆ ఆజ్ఞని సవరించి నిపుణుల సంఘానికి అప్పగించింది. ఇప్పుడొక ఛాయాచిత్రకారుడు అక్కడికి పోయి, ఎండుగడ్డి మైదానంలో ఒంటరి బట్టమేకని చిన్నదిగా పెట్టి, వెనక తీగల్ని చెరిపేశాడనుకోండి. హత్య జరిగిన చోట బొమ్మ తీసి కత్తిని చెరిపేసినట్టే కదా! బొమ్మలో పక్షి క్షేమంగా ఉంటుంది. చూసినవాడు హాయిగా ఇంటికి పోతాడు.

మన దగ్గరా ఆ పక్షి ఉండేది. అప్పటి కర్నూలు జిల్లా రోళ్లపాడులో దానికోసమే 1988లో అభయారణ్యం ప్రకటించారు. ఇప్పుడక్కడ గడ్డి ఉంది, కృష్ణజింకలున్నాయి, బట్టమేక జాడ లేదు. అక్కడి కారణాలు వేరు. చుట్టూ మేతనేలలు సేద్యంలోకి పోవడం వాటిలో పెద్దది. రేపు ఎవరైనా రోళ్లపాడు గడ్డిని ఖాళీగా తీసి గోడకి పెడితే, ఆ ఖాళీకి ఒక పేరుంటుంది.

తీగ చెరపడం తప్పని పోటీలవాళ్లు కూడా అంటారు. లండన్ వన్యప్రాణి ఛాయాచిత్ర పోటీలో బొమ్మలోంచి ఏదీ తీయకూడదు, ఏదీ చేర్చకూడదు. అంతర్జాతీయ ఛాయాచిత్ర సమాఖ్యలు కలిసి ప్రకృతి చిత్రానికి ఇచ్చిన నిర్వచనంలోనూ ఆ కట్టుబాటు ఉంది. బాగానే ఉంది. కాని అదే నిర్వచనం, ప్రకృతి కథలో విడదీయరాని భాగమైతే తప్ప మనిషి చేతి గుర్తు ఏదీ బొమ్మలో ఉండరాదని కూడా అంటుంది. చెరపడం నేరం, కాలు రెండడుగులు పక్కకి జరిపి తీగ పడకుండా తీయడం నేర్పు! ఇలా పక్కకి జరిగీ జరిగీ మన ఛాయాచిత్రకారుడు మనిషే లేని లోకంలో తేలాడు. నల్లమల దీనికి మంచి ఉదాహరణ. నాగార్జునసాగర్-శ్రీశైలం అడవి 1983లో పులుల ప్రాజెక్టులోకి వచ్చింది. రాష్ట్రం విడిపోయాక కృష్ణకి అవతలి భాగం అమ్రాబాద్ పేరుతో తెలంగాణకి పోయింది. ఈ గీతలన్నిటికీ ముందునుంచీ అక్కడ చెంచులున్నారు. హైమెన్‌డార్ఫ్ వాళ్ల మీద రాసిన పుస్తకం 1943లోనే వచ్చింది. నల్లమల మీద ఇవాళ అచ్చవుతున్న బొమ్మల పుస్తకాలు తిరగేస్తే ఎలుగుబంటి ఉంటుంది, దుప్పి ఉంటుంది, చెంచు గూడెం మాత్రం పేజీ అంచుకి అవతలే ఉంటుంది. అంచు ఎక్కడ పెట్టాలన్నది కళాకారుడి ఇష్టమే. ఆ ఇష్టం నియమంగా మారి అందరి చేతా ఒకేచోట పెట్టిస్తే, దాన్ని ఇక ఇష్టమనలేం.

ఖాళీ అని పేరు పెట్టడంతోనే చాలా పనులు జరిగిపోతాయి. మా పల్నాడుని శ్రీనాథుడు చూసిన తీరు మనకి తెలుసు. ఆయనదిగా చెప్పుకునే చాటువులో ఈ సీమ నాలుగైదు వస్తువులకి కుదించుకుపోయింది: రాళ్లు, నాగులేరు, జొన్న సజ్జ కూళ్లు. ప్రాణుల్లో ఆయన కంటపడ్డవి పాములూ తేళ్లూనే! వరి అన్నం అలవాటైన అతిథి మితచిత్రణ అది, నవ్వుకుని ఊరుకున్నాం. కాని 2000లో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ, హైదరాబాదులోని దూరసంవేదన సంస్థ కలిసి దేశంలోని బంజరు భూములకి అట్లాసు వేసినప్పుడు, పొదలున్న నేలలూ క్షీణించిన మేతనేలలూ కూడా ఆ లెక్కలో చేరాయి. అందులో నక్క ఉంది, కంజుపిట్ట ఉంది, గొర్రెలవాడి బతుకు ఉంది. ఆకాశంలోంచి తీసిన బొమ్మకి అదంతా పనికిరాని జాగా. బంజరని రాశాక ఇంకొకరికి ఇవ్వడం తేలిక. మితచిత్రణ చేసేవాడు తెలిసో తెలియకో ఈ అట్లాసుకి సాక్షి సంతకం పెట్టగలడు. లేదూ, నక్క బొమ్మలోలాగా దానికి ఎదురు సాక్ష్యం చెప్పగలడు. రెండూ ఒకే శిల్పంతో సాధ్యం కావడమే ఇందులో ఉన్న చిక్కు.

ఇంకో రెండు చిత్రాల గురించి త్వరగా చెబుతాను. ఒకటి పిల్లిగద్దది. చలికాలంలో మధ్య ఆసియా నుంచి వచ్చే ఈ గద్ద పొలాల మీద తక్కువ ఎత్తులో తూలుతూ ఎగురుతుంది. కింద విచ్చిన పత్తి చేను. దాన్ని మసకగా తీసి తెల్లటి తెర చేశాడు. శీర్షిక ‘మంచు’. నాకు ఒళ్లు మండింది. ధ్రువ ప్రాంతపు బొమ్మలు చూసి చూసి, పల్నాటి పత్తిని మంచు చేయాలని ఈ ఆరాటం దేనికి? 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తికి తెల్లదోమ పట్టి, అప్పులు తీరే దారి లేక రైతులు పురుగుమందు తాగారు. మా దగ్గర తెలుపుకి ఆ జ్ఞాపకం ఉంది. పత్తిని పత్తిగా వదిలేస్తే ఆ గద్ద కింద ఎంత కథ ఉండేది! రెండోది సాగర్ నీళ్ల మీద నీటికాకి. బూడిదరంగు నీళ్లు, నల్లటి ఒక్క చుక్క, అంతే. దీని శీర్షిక ‘ప్రశాంతత’. ఆ నీళ్ల కింద నాగార్జునకొండ లోయ ఉంది. 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికినంత ఎత్తి కొండ మీదికీ అనుపుకీ చేర్చి, మిగతాది ముంచారు. పుల్లారెడ్డిగూడెం లాంటి ఊళ్లూ అందులో ఉన్నాయి. బొమ్మలో వాటిని చూపడం ఎవరి తరమూ కాదు, చూపమని నేను అడగను. కాని శీర్షిక చేతిలో పనే కదా. ‘ప్రశాంతత’ అని రాసే బదులు చోటు పేరు రాస్తే చాలు, ఆ నీళ్లు లోతెక్కుతాయి. ఊరి పేరు రాయవలసిన చోట భావం పేరు రాసే జబ్బు మన కవులకీ ఉంది.

ఆ నీటికాకి దగ్గరే ఒక సందేహం నన్ను పట్టుకుంది, అది కూడా చెప్పడం న్యాయం. పల్నాటి సున్నపురాయి మీద చెక్కిన అమరావతి, నాగార్జునకొండ శిల్పాల్లో వేలెడు ఖాళీ ఉండదు. ఏనుగులు, గుర్రాలు, మనుషులు ఒకరి భుజాల మీద ఒకరు. ఆ శిల్పి ఎవరినీ బయట నిలబెట్టలేదు. మా కుర్రవాడి పద్ధతికన్నా ఆ కిక్కిరిసిన రాయే మన స్వభావానికి దగ్గరేమో అనిపించింది. ఇప్పటికీ పూర్తిగా తేల్చుకోలేదు.

ఫిబ్రవరిలో అతను ఇంటికి వచ్చాడు. అదే గట్టు, అదే పొగమంచు, ఈసారి రెండు మనుబోతులు, తీగలు చెరపలేదు. ఎంతో ఆశగా నా మొహం వైపు చూశాడు. బొమ్మ బాగా లేదు. మూడు తీగలు ఆకాశాన్ని నాలుగు ముక్కలు చేశాయి. కన్ను మొదట వాటి మీదికే పోతోంది, జంతువుల్ని వెతుక్కోవలసి వస్తోంది. ఉన్నది ఉన్నట్టు వదిలేశాడు గాని దానికొక చోటు చూపలేదు. ఇది మనకి బాగా తెలిసిన తప్పు. వస్తువు సరైనదైతే చాలుననుకుని కవిత మధ్యలో నినాదాన్ని అడ్డంగా పడేసినప్పుడు జరిగేదీ ఇదే. నినాదం తీసేయడం ద్రోహమైతే, అమర్చకుండా పడేయడం బద్ధకం. తీగని కూడా కూర్చాలి. ఆ గట్టుకి పడమటివైపు నుంచి చూస్తే లైను గట్టు వాలుతో పాటే దిగుతుందని నా సైకిలు రోజుల గుర్తు. అక్కడ నిలబడితే తీగ ఆకాశాన్ని కోయదు, గట్టు గీతకి జంటగా పోతుంది. జంతువు ఆ రెంటి మధ్య ఇరుక్కుంటుంది. ఈ సంగతి చెబితే కాగితం మీద గీసి చూసుకుని, “పడమటి నుంచి అంటే సాయంత్రం వెలుతురు మాస్టారూ, పొగమంచు దొరకదు,” అన్నాడు. దొరక్కపోతేనేం, ఎండలోనే తీయమన్నాను.

నాలుగు ఆదివారాలు పోయాడు. మొన్న ఫోన్ చేశాడు. గట్టు కింది కుంట ఎండిపోయిందట. మనుబోతులు ఆ పక్కకి రావడం మానేశాయట.